శనక్కాయ నూర్పిడిలో కంట్లో పొట్టు పడింది, వారానికి తెల్లమచ్చ వచ్చింది. ఫంగసేనా?

ముందు దాన్నే అనుమానించాలి. అనంతపురం వైపు శనక్కాయ కట్టె నూర్చేటప్పుడు పొట్టో ఆకో నల్లగుడ్డును గీరితే, ఆ గీత గుండా ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి ఫంగస్‌లు లోపలికి దిగుతాయి. షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. అన్నిటికన్నా చేటు మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు: పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ పెరుగుతుంది. ఆకుపసరు అసలే వద్దు.

మచ్చ అంచులు ఈకల్లా ఉండటం, చుట్టూ చిన్న మచ్చలు పుట్టడం గుర్తులే గానీ, చూపుతోనే తేల్చలేం. కంటి డాక్టరు తిమ్మిరి చుక్కలు వేసి, పుండు నుంచి కాస్త గీకి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపులో చూస్తే చాలాసార్లు అదే రోజు ఫంగస్ పోగులు కనబడతాయి. కల్చర్‌కు, అంటే గీకినదాన్ని ల్యాబులో పెంచి చూడటానికి, వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. ఇప్పటిదాకా వాడిన చుక్కల సీసాలన్నీ వెంట తీసుకెళ్లండి.