బూట్ కాని వర్చువల్ మెషీన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే ఇబ్బందిని చెబుతున్నాయి: నిన్నటి వరకు నడిచిన వర్చువల్ మెషీన్ ఈ రోజు బూట్ కావడం లేదు, లోపల ఉన్న డేటా మాత్రం కావాలి. కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే సౌకర్యం) హోస్ట్‌ల మీద, అంటే ఆ మెషీన్లను నడిపే కంప్యూటర్ల మీద, ఇలాంటి సందర్భాల కోసం వర్ట్-రెస్క్యూ అనే కమాండ్ ఉంది. రెడ్ హ్యాట్‌లో రిచర్డ్ జోన్స్ 2009లో మొదలుపెట్టిన లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ ప్రాజెక్టులో ఇది ఒక భాగం. అందుకే ఈ నెల జవాబులన్నీ దాని చుట్టూనే సాగుతాయి.

ప్రశ్న: ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌కు అదనపు డిస్కు తగిలించి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో (బూట్ సమయంలో ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) దాని కోసం ఒక వరుస రాశాను. తరువాత డిస్కును తీసేశాను గానీ ఆ వరుసను తీయలేదు. ఇప్పుడు మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయి రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఆ పాస్‌వర్డ్ మా దగ్గర ఎవరికీ తెలియదు. మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవడం తప్ప మార్గం లేదా?

జవాబు: ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు. మీ మెషీన్‌లో ఏదీ పాడవలేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉన్న ప్రతి డిస్కూ తప్పనిసరి అని, బూట్‌ను నడిపించే సిస్టమ్‌డీ భావిస్తుంది కాబట్టి, లేని డిస్కు కోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, అది రాకపోయేసరికి ఎమర్జెన్సీ మోడ్‌కు వెళ్లిపోతుంది. ఆ వరుసలో నోఫెయిల్ అనే మాట రాసి ఉంటే డిస్కు లేకపోయినా మెషీన్ బూట్ అయ్యేది.

మొదట మెషీన్‌ను పూర్తిగా ఆపండి. వర్చువల్ మెషీన్లను నిర్వహించే వర్ష్ కమాండ్‌లోని డిస్ట్రాయ్ అనే పదాన్ని చూసి చాలామంది భయపడతారు గానీ, అది మెషీన్‌ను తొలగించదు, కరెంటు తీసేసినట్టు బలవంతంగా ఆపుతుంది, అంతే. మామూలు షట్‌డౌన్‌కు మెషీన్ స్పందించనప్పుడు మాత్రమే దాన్ని వాడండి. తరువాత హోస్ట్ మీద వర్ట్-రెస్క్యూ అని రాసి, హైఫన్ డి పక్కన మెషీన్ పేరు, ఆ పక్కనే హైఫన్ ఐ ఇవ్వండి. హైఫన్ డి ఇస్తే మెషీన్‌కు ఏయే డిస్కులు ఉన్నాయో లిబ్‌వర్ట్‌ను (హోస్ట్ మీద మెషీన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్‌ను) అడిగి అదే తెలుసుకుంటుంది. హైఫన్ ఐ ఇస్తే డిస్కులను పరిశీలించి, ఏ విభాగంలో రూట్ ఉంది, ఏ విభాగంలో బూట్ ఉంది అన్నది కనిపెట్టి, అన్నిటినీ సిస్‌రూట్ అనే డైరెక్టరీ కింద మౌంట్ చేసి (ఫైళ్లు అక్కడ కనిపించేలా తగిలించి) పెడుతుంది. కొద్ది సెకన్లలో మీ ముందు ఒక షెల్ తెరుచుకుంటుంది. అక్కడ సిస్‌రూట్ కింద ఉన్న ఈటీసీ డైరెక్టరీలోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను వీఐ ఎడిటర్‌తో తెరిచి, ఆ వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి, ఫైలును సేవ్ చేయండి. సింక్ అని రాసి, ఎగ్జిట్ అని రాసి బయటకు రండి. మెషీన్‌ను మామూలుగా స్టార్ట్ చేయండి.

నిజం చెప్పాలంటే, మార్చవలసింది ఒక్క ఫైలే అయినప్పుడు వర్ట్-రెస్క్యూ వరకు వెళ్లాల్సిన పని కూడా లేదు. అదే కుటుంబంలోని వర్ట్-ఎడిట్‌కు మెషీన్ పేరు, ఫైలు పూర్తి మార్గం ఇస్తే అది ఫైలును మీ ఎడిటర్‌లో తెరిచి, మీరు సేవ్ చేయగానే తిరిగి డిస్కులో పెడుతుంది. సమస్య ఏమిటో ఇంకా తెలియనప్పుడు వర్ట్-లాగ్ చాలా ఉపయోగం: బూట్ కాని మెషీన్‌లోని లాగ్‌లను అది హోస్ట్ మీదే చూపిస్తుంది. నా సలహా ఏమిటంటే, ముందు లాగ్ చదవండి, ఒక ఫైలుతో పోయే పని అయితే వర్ట్-ఎడిట్ వాడండి, రెండు మూడు చోట్ల వెతకవలసి వస్తేనే వర్ట్-రెస్క్యూ తెరవండి.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను సరిచేసేటప్పుడు ఒక విషయంలో జాగ్రత్త. రెస్క్యూ షెల్‌లో మీ మొదటి డిస్కు ఎస్‌డీఏ అనే పేరుతో కనిపిస్తుంది, అదే డిస్కు మీ మెషీన్ లోపల వీడీఏ అయి ఉండవచ్చు. రెస్క్యూ షెల్‌లో కనిపించిన పేరును ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసేస్తే కొత్త సమస్యను కొనితెచ్చుకున్నట్టే. ఎప్పుడూ యూయూఐడీనే (ఫైల్ సిస్టమ్‌కు ఉండే సొంత గుర్తింపు సంఖ్యనే) రాయండి.

ప్రశ్న: డిస్కు ఇమేజ్ ఒక ఫైలే కదా. దాన్ని హోస్ట్ మీదే నేరుగా మౌంట్ చేసుకోవచ్చు. మధ్యలో ఈ కమాండ్ దేనికి?

జవాబు: మౌంట్ చేసుకోవచ్చు, చేసేవారూ ఉన్నారు. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఫైల్ సిస్టమ్‌ను, అంటే డిస్కు మీద ఫైళ్ల అమరికను, చదివేది కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం. ఇమేజ్‌ను హోస్ట్ మీద మౌంట్ చేస్తే మీ హోస్ట్ కెర్నెలే, అన్ని అధికారాలతో, ఆ ఫైల్ సిస్టమ్‌ను చదువుతుంది. ఇమేజ్ పాడై ఉన్నా, ఎవరైనా కావాలని దురుద్దేశంతో తయారుచేసినా, దెబ్బ తగిలేది హోస్ట్‌కు, దానితోపాటు దాని మీద నడుస్తున్న మిగతా మెషీన్లన్నిటికీ. వర్ట్-రెస్క్యూ పద్ధతి వేరు. అది వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రామ్ సాయంతో అప్లయన్స్ అనే ఒక చిన్న వర్చువల్ మెషీన్‌ను బూట్ చేసి, మీ ఇమేజ్‌ను దానికి తగిలిస్తుంది. చదవడం, రాయడం అంతా ఆ చిన్న మెషీన్ లోపలే జరుగుతాయి. అక్కడ కెర్నెల్ కుప్పకూలినా పోయేది ఆ చిన్న మెషీన్ మాత్రమే. పైగా ఇమేజ్ ఫైలు మీద మీకు అనుమతి ఉంటే చాలు, రూట్ అధికారం అక్కరలేదు. క్యూకౌ2, వీఎండీకే వంటి డిస్కు ఇమేజ్ ఫార్మాట్లను క్యూఈఎంయూ అర్థం చేసుకుంటుంది కాబట్టి వాటినీ విడిగా మార్చుకోనవసరం లేదు.

దీనికి ఒక పరిమితి ఉంది. ఆ అప్లయన్స్‌ను సూపర్‌మిన్ అనే సాధనం మీ హోస్ట్‌లో ఉన్న కెర్నెల్‌తో, హోస్ట్‌లోని ప్యాకేజీలతో తయారుచేస్తుంది. హోస్ట్ పాతదై, మెషీన్ కొత్తదైతే, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కొత్త రూపంలోని కొన్ని సౌకర్యాలు పాత కెర్నెల్‌కు తెలియక మౌంట్ కాకపోవచ్చు. అప్పుడు డిస్కు పాడైందని తొందరపడి మరమ్మతు మొదలుపెట్టకండి. ఇమేజ్‌ను కొత్త హోస్ట్ మీదికి తీసుకెళ్లి చూడండి.

ప్రశ్న: మెషీన్ నడుస్తూ ఉండగానే వర్ట్-రెస్క్యూతో ఒక చిన్న మార్పు చేయవచ్చా? దాన్ని ఆపడానికి మా కార్యాలయంలో అనుమతి దొరకదు.

జవాబు: చేయకూడదు. ఇందులో మినహాయింపు లేదు. నడుస్తున్న కెర్నెల్ ఫైల్ సిస్టమ్ గురించిన సమాచారాన్ని తన మెమరీలో పెట్టుకుని ఉంటుంది. మీరు వెనక నుంచి డిస్కును మారిస్తే ఆ సంగతి దానికి తెలియదు. రెండు కెర్నెళ్లు ఒకే ఫైల్ సిస్టమ్ మీద ఎవరి లెక్క ప్రకారం వారు రాస్తే అది పాడవుతుంది, ఆ పాడవడం చాలాసార్లు వెంటనే బయటపడదు కూడా. హైఫన్ డి ఇచ్చినప్పుడు మెషీన్ నడుస్తోందని లిబ్‌వర్ట్ ద్వారా తెలుసుకుని ఈ సాధనం రాయడానికి నిరాకరిస్తుంది. హైఫన్ ఎ తో ఇమేజ్ ఫైలు పేరు నేరుగా ఇస్తే ఆ సంగతి దానికి తెలిసే వీలు లేదు. 2017లో వచ్చిన క్యూఈఎంయూ 2.10 నుంచి ఇమేజ్ ఫైళ్ల మీద తాళం పడుతుంది కాబట్టి రైట్ లాక్ దొరకలేదన్న సందేశం మీకు కనిపించవచ్చు. ఆ సందేశం కనిపిస్తే దాన్ని దాటే ఉపాయం వెతకవద్దు. ఆ ఇమేజ్‌ను వాడుతున్న ప్రక్రియ ఏదో కనుక్కోండి.

చదవడం వరకే అయితే రెండు హైఫన్లు, ఆర్‌ఓ అనే ఐచ్ఛికంతో తెరవవచ్చు. నడుస్తున్న మెషీన్ విషయంలో అలా కనిపించే ఫైళ్లు కొన్ని అసంపూర్తిగా ఉండవచ్చని మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్న: కరెంటు పోయాక మెషీన్ ఫైల్ సిస్టమ్ లోపాలు చూపిస్తోంది. ఫైల్ సిస్టమ్ మరమ్మతు కమాండ్‌ను నేరుగా నడిపితే డేటా ఇంకా పోతుందేమోనని భయంగా ఉంది. ముందుగా పరీక్షించుకునే మార్గం ఉందా?

జవాబు: మీ భయం సరైనదే, దానికి చక్కటి మార్గమూ ఉంది. ఈ సాధనం గురించి చెప్పేవారు దాన్ని ఎందుకో ఎక్కువగా చెప్పరు. పైన చెప్పిన ఆర్‌ఓ ఐచ్ఛికంతో తెరిచినప్పుడు రెస్క్యూ షెల్‌లో రాయడం ఆగిపోదు. మీరు చేసే మార్పులన్నీ ఒక తాత్కాలిక పొరలోకి వెళ్తాయి, బయటకు రాగానే ఆ పొర మాయమవుతుంది. అసలు ఇమేజ్‌లో ఒక్క బైటు కూడా మారదు. అంటే మరమ్మతును మొత్తం ఒకసారి నడిపి, ఫలితాన్ని మౌంట్ చేసి, మీకు కావలసిన ఫైళ్లు ఉన్నాయో లేదో చూసుకుని, తృప్తి కలిగిన తరువాతే అసలు ఇమేజ్ మీద చేయవచ్చు. ఫలితాన్ని ఉంచుకునే వీలు కూడా కావాలంటే, క్యూఈఎంయూ-ఇమేజ్ కమాండ్‌తో అసలు ఇమేజ్‌ను ఆధారంగా చేసుకుని ఒక క్యూకౌ2 పొరను మీరే తయారుచేయండి. పని అంతా ఆ పొర మీద చేసి, బాగుంటే కమిట్ చేయండి, లేకపోతే పొరను తుడిచేయండి.

మరమ్మతు చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ మౌంట్ అయి ఉండకూడదు కాబట్టి ఈసారి హైఫన్ ఐ ఇవ్వకండి. షెల్ తెరుచుకున్నాక ఎల్‌ఎస్‌బీఎల్‌కే, ఎల్‌వీఎస్ కమాండ్‌లతో విభాగాలను గుర్తించండి. చివర కనిపించే ఒక చిన్న డిస్కు అప్లయన్స్‌ది, దాని జోలికి వెళ్లవద్దు. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ అయితే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే అనే మరమ్మతు కమాండ్‌ను ముందు హైఫన్ ఎన్ తో నడిపి, అది ఏమేమి మార్చాలనుకుంటోందో చదవండి. సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలుండే భాగం) పాడైందని అంటే నిరాశపడకండి, ఎక్స్‌ట్4 వేర్వేరు చోట్ల దాని ప్రతులను ఉంచుతుంది. 4 కిలోబైట్ల బ్లాకులున్న ఫైల్ సిస్టమ్‌లో మొదటి ప్రతి సాధారణంగా 32768వ బ్లాకులో ఉంటుంది, దాన్ని హైఫన్ బి తో ఇవ్వవచ్చు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ విషయంలో తొందరపాటు ఎక్కువ నష్టం చేస్తుంది. మార్పులను ముందుగా రాసుకునే దాని లాగ్‌లో ఇంకా పూర్తికాని మార్పులు ఉంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్-రిపేర్ పని చేయనని చెప్పి, ఒకసారి మౌంట్ చేయమంటుంది. అది చెప్పినట్టే చేయండి: మౌంట్ చేస్తే లాగ్‌లోని మార్పులు తమ తమ స్థానాల్లోకి చేరతాయి, ఆ తరువాత అన్‌మౌంట్ చేసి మరమ్మతు నడపండి. పెద్ద ఎల్ అక్షరపు ఐచ్ఛికం ఆ లాగ్‌ను చెరిపేస్తుంది, చివరి క్షణాల్లో రాసిన డేటా దానితోపాటే పోవచ్చు. మౌంట్ ఎంతకూ కానప్పుడు, అదీ పొర మీద పరీక్షించాకే, దాన్ని వాడాలి.

మీ మెషీన్‌కు స్నాప్‌షాట్ ఫైళ్లు విడిగా ఉంటే ఇంకో మాట. హైఫన్ ఎ తో కింది ఆధార ఇమేజ్‌ను తెరిచి మార్చితే దాని మీద ఆధారపడిన పై పొరలన్నీ చెడిపోతాయి. అలాంటి చోట హైఫన్ డి ఇచ్చి, ఏ ఫైలు పైపొరో లిబ్‌వర్ట్‌నే నిర్ణయించనివ్వడం మేలు.

ప్రశ్న: కెర్నెల్ అప్‌డేట్ సగంలో ఆగిపోయింది. గ్రబ్ (బూట్ మెనూ) వస్తోంది, తరువాత కెర్నెల్ ప్యానిక్ అయి ఆగిపోతోంది. రెస్క్యూ షెల్ నుంచి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో కెర్నెల్ వాడే చిన్న ఫైల్ సిస్టమ్‌ను) తిరిగి తయారుచేశాను, అయినా ఫలితం లేదు.

జవాబు: మీరు చేసిన పని సరైనదే, చాలావరకు అది తప్పు కెర్నెల్‌కు జరిగి ఉంటుంది. దాన్ని తయారుచేసే డ్రాకట్ కమాండ్‌కు కెర్నెల్ వెర్షన్ చెప్పకపోతే అది ప్రస్తుతం నడుస్తున్న కెర్నెల్‌కు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేస్తుంది. రెస్క్యూ షెల్‌లో నడుస్తున్నది మీ మెషీన్ కెర్నెల్ కాదు, హోస్ట్ నుంచి వచ్చిన అప్లయన్స్ కెర్నెల్. కాబట్టి వెర్షన్‌ను మీరే చెప్పాలి.

హైఫన్ ఐ తో తెరిచి, డెవ్, ప్రాక్, సిస్ డైరెక్టరీలను మౌంట్ కమాండ్‌లోని ఆర్‌బైండ్ ఐచ్ఛికంతో సిస్‌రూట్ కిందికి కలిపి, సిస్‌రూట్‌లోకి సీహెచ్‌రూట్ చేయండి, అంటే దాన్నే రూట్ డైరెక్టరీగా చేసుకోండి. లిబ్ డైరెక్టరీ కింద మాడ్యూల్స్‌లో ఏయే వెర్షన్ల పేర్లు ఉన్నాయో చూసి, మీకు కావలసిన వెర్షన్‌ను డ్రాకట్‌కు ఇవ్వండి, లేదా రీజనరేట్-ఆల్ ఐచ్ఛికంతో అన్నిటికీ చేయించండి. డెబియన్, ఉబుంటు మెషీన్లలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కు హైఫన్ యు ఇచ్చి, హైఫన్ కె తో ఆల్ అని చెబితే అదే పని అవుతుంది. ఆ ముందు బూట్ విభాగంలో ఖాళీ ఉందో లేదో డీఎఫ్‌తో చూడండి, అప్‌డేట్ సగంలో ఆగడానికి అక్కడ చోటు లేకపోవడమే తరచుగా కారణం. ప్యాకేజీని మళ్లీ దించుకోవలసి వస్తే వర్ట్-రెస్క్యూను నెట్‌వర్క్ ఐచ్ఛికంతో తెరవాలి, అది అడగనిదే నెట్‌వర్క్ ఇవ్వదు.

సీహెచ్‌రూట్‌లో ఉండగా పాస్‌వర్డ్ కూడా మార్చినట్టయితే, ఎస్‌ఈలినక్స్ (ఫైళ్ల లేబుళ్లను బట్టి అనుమతులిచ్చే భద్రతా వ్యవస్థ) ఉన్న మెషీన్లలో రూట్ డైరెక్టరీలో డాట్ ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైలును సృష్టించండి. లేకపోతే పాస్‌వర్డ్‌లు దాచే షాడో ఫైలు మీది లేబుల్ తప్పిపోయి, సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా లాగిన్ కాకపోవచ్చు. దాని వల్ల తరువాతి బూట్ ఆలస్యమవుతుంది, మధ్యలో ఆపకండి.

ప్రశ్న: వర్ట్-రెస్క్యూయే మొదలు కావడం లేదు. ఉబుంటు హోస్ట్, మామూలు యూజర్‌గా నడుపుతున్నాను.

జవాబు: ఉబుంటులో బూట్ డైరెక్టరీలోని కెర్నెల్ ఫైలును రూట్ తప్ప ఇతరులు చదవలేరు. అప్లయన్స్ తయారు కావాలంటే అది చదవగలగాలి. ఆ ఫైలుకు 0644 అనుమతి ఇవ్వండి, కెర్నెల్ మారినప్పుడల్లా ఇది మళ్లీ చేయవలసి వస్తుంది. అప్పటికీ కాకపోతే లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్-టెస్ట్-టూల్‌ను నడపండి, ఎక్కడ ఆగిందో దాని చివరి వరుసల్లో కనిపిస్తుంది. కేవీఎం అందుబాటులో లేకపోయినా అప్లయన్స్ నడుస్తుంది గానీ చాలా నెమ్మదిగా నడుస్తుంది, దాన్ని లోపంగా తీసుకోకండి.

ప్రశ్న: మెషీన్ పూర్తిగా స్తంభించింది, కన్సోల్‌లో ఏ మీటకూ స్పందన లేదు. వర్ష్ లిస్ట్‌లో పాజ్‌డ్ అని కనిపిస్తోంది. రెస్క్యూ షెల్‌తో డిస్కును సరిచేయాలా?

జవాబు: డిస్కును ముట్టుకోకండి, మెషీన్‌ను ఆపకండి కూడా. మీరు పాజ్ చేయకుండానే అది పాజ్ అయితే, ముందుగా అనుమానించవలసింది ఇమేజ్ ఫైళ్లున్న హోస్ట్ స్టోరేజ్ నిండిపోవడాన్ని. క్యూకౌ2 ఫైలు పెరగడానికి చోటు లేనప్పుడు, రాసే డేటా పోకుండా క్యూఈఎంయూ మెషీన్‌ను అక్కడికక్కడే నిలిపివేస్తుంది. వర్ష్‌లోని డొమ్‌బీఎల్‌కేఎర్రర్ కమాండ్ ఏ డిస్కుకు ఏ లోపం వచ్చిందో చెబుతుంది. చోటు లేదని చెబితే హోస్ట్ మీద చోటు కల్పించి, వర్ష్‌లోనే రెజ్యూమ్ ఇవ్వండి. మెషీన్ ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. చోటు కల్పించే తొందరలో స్నాప్‌షాట్ ఫైళ్లను చేత్తో తుడిచేయకుండా, ముందు ఆ ఫైలు మీద ఏ మెషీన్ ఆధారపడి ఉందో క్యూఈఎంయూ-ఇమేజ్‌లోని ఇన్ఫో కమాండ్‌కు బ్యాకింగ్-చెయిన్ ఐచ్ఛికం ఇచ్చి, ఒక్కొక్క మెషీన్ పైపొర నుంచి చూసుకోండి.