కుండలీకరణంలోని అంకె ఏ పనిది?

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌లో అసలు బయోస్‌ను (కంప్యూటర్‌ను మొదట మేలుకొలిపే సాఫ్ట్‌వేర్‌ను) తీసేసి, దాని స్థానంలో పనిచేసే ఓపెన్ సోర్స్ కోర్‌బూట్ వేసుకున్నాను. కోర్‌బూట్ నమోదు చేసిన వివరాలను చూపే సీబీమెమ్ కమాండ్‌ను చిన్న 'టి' ఆప్షన్‌తో నడిపితే బూట్ సమయాల పట్టిక వస్తున్నది గాని, అదంతా అంకెల గుట్టలా ఉంది. 'ఆఫ్టర్ ర్యామ్ ఇనిషియలైజేషన్' అన్న వరుసలో 297,530 (212,120) అని కనిపిస్తున్నది. మెమరీ సిద్ధమైన తరువాత కూడా అంత ఆలస్యం ఎందుకు? పట్టికను తేలికగా చదువుకొనే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆలస్యం మెమరీ సిద్ధమైన తరువాత జరిగినది కాదు, దాన్ని సిద్ధం చేయడంలో జరిగినది. ప్రతి వరుసా ఒక పనికి కాక ఒక క్షణానికి గుర్తు. మొదటి అంకె ఆ క్షణం వరకు గడిచిన మొత్తం కాలాన్నీ, కుండలీకరణంలోని అంకె పై వరుస నుంచి ఈ వరుసకు రావడానికి పట్టిన కాలాన్నీ చెబుతాయి. మీ పట్టికలో దీనికి సరిగ్గా పైన, 2వ నంబరుతో, 'బిఫోర్ ర్యామ్ ఇనిషియలైజేషన్' వరుస 85,410 దగ్గర ఉండాలి. 297,530లోంచి దాన్ని తీసివేస్తే మిగిలేదే ఆ 212,120. వరుస పేరును పని పేరుగా చదవడం వల్ల ఈ పొరపాటు చాలామందికి జరుగుతుంది.

అంకెలన్నీ మైక్రోసెకన్లు. మన లక్షల లెక్కలా కాక మూడేసి అంకెలకొక కామా పెడతారు కాబట్టి మొదట కాస్త తడబాటు తప్పదు గాని, నిజానికి ఆ కామాలే మేలు చేస్తాయి: చివరి కామాకు ఎడమనున్నవి మిల్లీసెకన్లు, అంతకు ముందు ఇంకో కామా ఉంటే దానికి ఎడమనున్నవి సెకన్లు. మీ 212,120 అంటే దాదాపు 212 మిల్లీసెకన్లన్న మాట.

ఇక పట్టికను కుదించడానికి పెద్ద 'టి' ఆప్షన్ వాడండి. అప్పుడు కామాలు లేకుండా, ట్యాబ్‌లతో వేరుచేసిన నాలుగు నిలువు వరుసలు వస్తాయి: గుర్తింపు సంఖ్య, మొత్తం కాలం, పై వరుసతో తేడా, పేరు. చాలామంది దీన్ని వరుసలను పేర్చే 'సార్ట్' కమాండ్‌తో తేడా ప్రకారం పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేరుస్తారు. నేను మాత్రం ఆ సలహా ఇవ్వను, ఎందుకంటే పై వరుస దూరమైతే తేడాకు అర్థమే పోతుంది. అంతకన్నా పట్టికల్లోంచి కావలసినవి ఏరే 'ఆక్' కమాండ్‌తో చిన్న స్క్రిప్టు రాసి, మూడో నిలువు వరుస 10,000 దాటిన చోట్లను మాత్రమే ఉంచి, ఒక్కోదాని పక్కన పై వరుస పేరునూ ముద్రించుకుంటే, 'ఇక్కడి నుంచి ఇక్కడికి ఇంత' అన్న పట్టిక వరస చెడకుండా వస్తుంది. బొమ్మగా చూడాలనుకుంటే కొత్త వెర్షన్లలో పెద్ద 'ఎస్' ఆప్షన్ ఉంది. అది ఫ్లేమ్‌గ్రాఫ్‌కు (ఏ పనికి ఎంత కాలం పట్టిందో పట్టీల వెడల్పుతో చూపే బొమ్మకు) పనికొచ్చే రూపంలో సమాచారం ఇస్తుంది.

మీరు ఇటీవల ర్యామ్ మార్చి ఉంటే, ఈ కొలతను లెక్కలోకి తీసుకునే ముందు మరొకసారి రీబూట్ చేయండి. చాలా బోర్డులలో మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌కు సరిపడే సిగ్నల్ సమయాలను వెతికి సరిచేయడం) పూర్తిగా జరిగేది మార్చిన తరువాతి మొదటి బూట్‌లోనే. దాని ఫలితం ఫ్లాష్ చిప్‌లో నిల్వ ఉంటుంది కాబట్టి రెండోసారి ఇదే వరుసలో చాలా చిన్న అంకె కనిపించవచ్చు.