మామిడి తోటలో కాఫీ వేసి వాష్డ్ గింజలు తయారు చేయవచ్చా?

ప్రశ్న: మా అక్కను అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి దగ్గర ఇచ్చాం. వాళ్లకు ఎకరంన్నర కాఫీ తోట ఉంది. పండ్లను అలాగే ఎండబెట్టి అమ్ముతారు. తొక్క తీసి కడిగిన (వాష్డ్) స్పెషాలిటీ కాఫీకి మంచి ధర వస్తుందంటున్నారు. నా రెండెకరాల మామిడి తోటలో కాఫీ వేసి, ఆ పని నేనే చేయొచ్చా?
– ఒక రైతు, తాడ్వాయి, ములుగు జిల్లా

జవాబు: కాఫీ మొక్కలు మాత్రం వేయకండి. అరబికా రకం కాఫీకి సముద్రమట్టం నుంచి 1000–1500 మీటర్ల ఎత్తు, 15–25 డిగ్రీల వాతావరణం కావాలి. మన దగ్గర మేలో 42 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు పెట్టి బతికించినా, కొండల చలికి పండు నిదానంగా పండితే వచ్చే రుచి ఇక్కడ రాదు. అంతరపంట కావాలంటే పసుపు వేసుకోండి, కొంత నీడను ఓర్చుకుంటుంది.

కానీ మీ ఆలోచన మంచిది, దాన్ని అక్కావాళ్ల తోటలో పెట్టండి. అక్కడ కోతలు దాదాపు నవంబరు నుంచి జనవరి దాకా సాగుతాయి. బాగా ఎర్రబడిన పండ్లే ఏరాలి. కొమ్మంతా ఒకేసారి దూస్తే పచ్చికాయలు కలుస్తాయి, ఆ వగరు తర్వాత ఎంత కడిగినా పోదు. తెచ్చిన పండ్లను నీళ్లలో వేసి తేలినవి తీసేయండి. అదే రోజు పల్పర్‌లో, అంటే తొక్క ఒలిచే యంత్రంలో, తొక్క తీయాలి. గింజ నలిగితే పల్పర్ సందు సరిచేసుకోండి.

అసలు మెలకువంతా తొక్క తీశాక గింజకు అంటి ఉండే జిగురును పులియబెట్టడంలో ఉంది. సాధారణంగా 24–36 గంటలు పడుతుంది. అయితే లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు చలి మీకు తెలిసిందే. చలికాలంలో ఇడ్లీ పిండి ఆలస్యంగా పులిసినట్టే ఇదీ ఆలస్యమవుతుంది. అందుకే గడియారాన్ని నమ్ముకోవద్దు. గుప్పెడు గింజలు నీళ్లలో కడిగి గుప్పెట్లో రుద్ది చూడండి. జారితే ఇంకా ఆగాలి. గులకరాళ్లలా గరగరమంటే జిగురు వదిలినట్టే, వెంటనే మూడు నాలుగు నీళ్లలో కడిగేయండి. రాత్రి నిద్ర కోసం పొద్దున్న దాకా వదిలేస్తే పుల్లటి వాసన పట్టి, ఆ లాటంతా మామూలు ధరకే పోతుంది.

కడిగిన గింజలను నేల మీద కాకుండా, వల కట్టిన మంచెలపై పలచగా పరిచి తరచూ తిరగేయాలి. మిట్టమధ్యాహ్నం, రాత్రి కప్పి ఉంచండి. ఎండ ఎక్కువై త్వరగా ఎండితే పైన ఉన్న పార్చ్‌మెంట్ పొర పగులుతుంది. తేమ 10–11 శాతానికి దిగాక శుభ్రమైన సంచుల్లో నింపండి. పక్కన ఎరువులు, మిరియాలు ఉంచవద్దు, గింజ వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. కడిగిన నీళ్లను వాగులోకి వదలకండి. గుంటలో ఇంకనివ్వండి, తొక్కను కంపోస్టు చేయండి.

లెక్క ముందే వేసుకోండి: సుమారు 6 కిలోల పండ్లకు ఒక కిలో పచ్చి (వేయించని) గింజలే వస్తాయి. రుచి పరీక్షలో 100కు 80 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వస్తేనే స్పెషాలిటీ అంటారు. కాబట్టి తోటంతా ఒకేసారి మార్చొద్దు. మొదటి ఏడాది 100 కిలోల పండ్లతో చేసి, నమూనాను రుచి పరీక్ష చేయించండి. చింతపల్లి ప్రాంతంలోని ఆర్.వి. నగర్‌లో ఉన్న కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం వారిని కోతలకు ముందే కలవండి. మీ బావగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, కోతల రోజుల్లో పల్పర్ దగ్గర నిలబడేది ఆయనే కదా.