టిప్పు ఎక్కడ, ఎంత, ఎందుకు?

తిన్నదానికి ధర చెల్లించి, దానిమీద అమ్మకపు పన్ను కూడా కట్టిన తర్వాత మళ్ళీ టిప్పు ఎందుకివ్వాలని అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది అడుగుతుంటారు. దీనికి సమాధానం ఇక్కడి వేతన చట్టంలో ఉంది. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు కాగా, టిప్పులు అందుకునే ఉద్యోగికి యజమాని నేరుగా 2.13 డాలర్లు ఇస్తే చాలు. 1991 నుంచి ఈ రేటు మారలేదు. టిప్పులతో కలిపినా కనీస వేతనం రాకపోతే లోటును యజమానే పూడ్చాలన్న నిబంధన ఉన్నప్పటికీ, టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో సర్వర్ల ఇల్లు గడిచేది ప్రధానంగా మనమిచ్చే సొమ్ముతోనే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో యజమాని పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి, అయినా టిప్పు ఆనవాయితీ అక్కడా అలాగే ఉంది. అందుకే, టిప్పు ఇవ్వదలచుకోనివారు కూర్చుని వడ్డన చేయించుకోవడం కంటే పార్సిల్ తెచ్చుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

మామూలు వడ్డనకు 15 శాతం, బాగుంటే 18 నుంచి 20 శాతం ఇవ్వడం మర్యాద. పన్ను కలపకముందు ఉన్న మొత్తం మీద లెక్కిస్తే సరిపోతుంది. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం కనుక, 40 డాలర్ల భోజనానికి పన్ను 3.30 అవుతుంది, దాన్ని రెట్టింపు చేసి 6.60 ఇస్తే 16.5 శాతం ఇచ్చినట్టే, ఎనిమిది డాలర్లు ఇస్తే 20 శాతం. మనమే వడ్డించుకునే బఫేలో 10 శాతం చాలు. కౌంటర్ దగ్గర కాఫీ తీసుకున్నప్పుడు తెరమీద కనిపించే 20, 25 శాతం బటన్లను చూసి మొహమాటపడనక్కరలేదు.

ఆరుగురో ఎనిమిదిమందో కలిసి బిర్యానీకి వెళ్ళినప్పుడు మాత్రం బిల్లును పైనుంచి కిందివరకు చదవండి. పెద్ద బృందాలకు చాలా హోటళ్ళు 18 శాతమో అంతకంటే ఎక్కువో ‘గ్రాట్యుటీ’ (అంటే టిప్పే) పేరిట ముందే కలిపేస్తాయి, దాని కిందే టిప్పు కోసం మరో ఖాళీ గీత ఉంటుంది. అది గమనించక రెండోసారి ఇచ్చేవారు ఎందరో. వాటాలు వేసుకునేటప్పుడు ఎవరు తిన్నదాని ధర వారే పంపి ఊరుకుంటే, పన్ను, టిప్పు మొత్తం కార్డు గీసిన మిత్రుడి మీదే పడతాయి; విద్యార్థి దశలో అది చిన్న భారం కాదు.

ఇక్కడి అలవాటును వేరే దేశాలకు మోసుకుపోకూడదు. లండన్‌లో చాలా హోటళ్ళు 12.5 శాతం సర్వీస్ చార్జి వేస్తాయి. అది ఐచ్ఛికమని రాసి ఉంటే తీసేయమని నిస్సంకోచంగా అడగవచ్చు, కట్టినప్పుడు వేరే టిప్పు అవసరం లేదు. ఆ సొమ్మును యజమాని అట్టిపెట్టుకోకుండా పూర్తిగా సిబ్బందికే పంచాలన్న చట్టం అక్కడ 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఫ్రాన్స్‌లో సేవా రుసుము ధరలోనే కలిసి ఉంటుంది. జర్మనీలో ఐదు నుంచి పది శాతం కలిపి, మొత్తం ఎంత తీసుకోవాలో డబ్బు ఇచ్చేటప్పుడే నోటితో చెప్పాలి. జపాన్‌లో టిప్పు ఆచారమే లేదు. బల్లమీద వదిలిన డబ్బును మరచిపోయారనుకుని వెంట వచ్చి తిరిగి ఇవ్వడం అక్కడ మామూలే.