రేడియేషన్‌తో పాటు వేడి చికిత్స: ఖర్చుకు తోట అమ్మాలా?

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, మూడో దశ అన్నారు. రేడియేషన్, వారానికో కీమో, చివర్లో లోపలి రేడియేషన్ కలిపి 2.9 లక్షలవుతుందట. దాంతో పాటు హైపర్‌థెర్మియా అనే వేడి చికిత్స ఐదు విడతలు చేయిస్తే మంచిదని, అందుకు 75 వేలు ముందే కట్టాలని హైదరాబాద్‌లోని ఆసుపత్రి చెప్పింది. అమ్మానాన్నల పేరిట నాలుగేళ్లుగా 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, 10 కాసుల బంగారం ఉన్నాయి. అరెకరం కొబ్బరి తోట బేరానికి పెట్టమంటారా?

జవాబు: తోట జోలికి ఇప్పుడు వెళ్లకండి. రెండు నెలల్లో డబ్బు కావాలని కొనేవాడికి తెలిస్తే ధర అక్కడే పడిపోతుంది. పైగా మీకు అంత అవసరం కూడా లేదు.

ముందు 2.9 లక్షల సంగతి చూడండి. ఈ క్యాన్సర్‌కు బయటి రేడియేషన్, లోపలి రేడియేషన్ రెండూ కలిపి ఎనిమిది వారాల్లో, అంటే 56 రోజుల్లో పూర్తవ్వాలి. ఆ గడువు దాటి సాగే కొద్దీ రోగం అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతూ పోతుంది. కాబట్టి మధ్యలో డబ్బు సర్దుబాటు కాక ఆగిపోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టం. రేడియేషన్ రోజువారీ చికిత్స అయినా బీమాలో డేకేర్ (రాత్రి ఉండక్కర్లేని చికిత్స) కింద వస్తుంది. మొత్తం కోర్సుకు ఒకేసారి క్యాష్‌లెస్ (బిల్లు బీమా సంస్థే నేరుగా కట్టే) అనుమతి తీసుకోమని ఆసుపత్రి బీమా డెస్కును అడగండి. లోపలి రేడియేషన్‌కు అడ్మిట్ చేస్తే, పాలసీలో గది అద్దె పరిమితి ఎంతో చూసుకుని ఆ లోపు గదే తీసుకోండి. పరిమితి దాటితే చాలా పాలసీల్లో గది అద్దెతో పాటు మిగతా బిల్లుకూ అదే నిష్పత్తిలో కోత పడుతుంది. బియ్యం కార్డు ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద ఎంత వస్తుందో, ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే వైద్య మిత్రను అడగండి.

ఇక వేడి చికిత్స. ఇది రేడియేషన్‌కు తోడు మాత్రమే, బదులు కాదు. కణితిని సుమారు 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటసేపు ఉంచుతారు. రక్తం సరిగా అందని, ఆక్సిజన్ తక్కువగా ఉన్న కణాలు రేడియేషన్‌కు సులభంగా లొంగవు. వేడి వాటిని బలహీనపరుస్తుంది, రేడియేషన్ చేసిన గాయాన్ని కణం మరమ్మతు చేసుకోకుండా అడ్డుకుంటుంది. నెదర్లాండ్స్‌లో జరిగి 2000లో ప్రచురితమైన పరీక్షలో, ఈ క్యాన్సర్‌కే రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో మూడేళ్లకు బతికున్నవారు 27 శాతం, వేడి కూడా ఇచ్చినవారిలో 51 శాతం. అయితే ఆ పోలిక కీమో లేని రేడియేషన్‌తో. కీమో కూడా కలిసినప్పుడు వేడి అదనంగా ఎంత మేలు చేస్తుందన్నది అంత స్పష్టంగా తేలలేదు. మూత్రపిండాలు బాగోలేక కీమో ఇవ్వలేనివారికి దీని విలువ ఎక్కువ. అమ్మగారికి ఎలాగూ కీమో ఇస్తున్నారు కాబట్టి, నా లెక్కలో ఇది చేతిలో ఉన్న డబ్బుతో చేయించుకోదగ్గదే గానీ అప్పు మీద అప్పు చేసి చేయించాల్సింది కాదు.

75 వేలు ముందే మొత్తం కట్టకండి. విడతకు 15 వేల చొప్పున, అయిన విడతకే కడతామని చెప్పండి. ఎందుకంటే మొదటి విడతలోనే ఆగిపోయే వీలుంది: పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువుంటే అది ముందే వేడెక్కి నొప్పి, కాలిన బొబ్బలు వస్తాయి; యంత్రం శక్తి తగ్గిస్తే కణితికి చేరాల్సిన వేడి చేరదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, తుంటిలో లోహపు రాడ్డు లాంటిది ఉన్నా సాధారణంగా చేయరు. ఉష్ణోగ్రతను దేనితో కొలుస్తారు, ప్రతి విడతకూ ఆ రికార్డు ఇస్తారా, రేడియేషన్‌కూ వేడికీ మధ్య ఎన్ని గంటలుంటుంది అని అడగండి. రెండూ ఒకే రోజు, కొద్ది గంటల తేడాలో జరగాలి. కొలత లేని వేడికి డబ్బు కట్టొద్దు.

బీమా సంస్థలు కవర్ చేయాల్సిన ఆధునిక చికిత్సలంటూ బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) 12 చెప్పింది. రోబోటిక్ సర్జరీ అందులో ఉంది, హైపర్‌థెర్మియా లేదు. నిరూపణ కాని చికిత్స అన్న మినహాయింపు చూపి క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అందుకే దశ, కారణం, విడతలు రాసిన డాక్టరు లేఖతో ముందే రాతపూర్వక అనుమతి అడగండి. బిల్లులో దీన్ని రేడియేషన్ పేరిట కలిపి రాస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, తేలితే అసలు క్లెయిమ్‌కే ముప్పు. తిరస్కరిస్తే సంస్థకు ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తీర్చే అధికారికి) ఏడాదిలోగా రాయవచ్చు, రుసుము లేదు.

అంటే 2.9 లక్షలు బీమాలోంచి వస్తే, మీ జేబులోంచి పోయేది వేడి చికిత్స 75 వేలు, ఆరేడు వారాలు నగరంలో గది, తిండి. దానికి డిపాజిట్ రద్దు చేయక్కర్లేదు. దాని మీదే 1.5 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్ హామీగా కావలసినప్పుడు వాడుకునే అప్పు) తీసుకుంటే వడ్డీ డిపాజిట్ రేటు కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ, వాడినంతకే. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఆ వైపు చూడకండి. బంగారం, బీమా డబ్బు ఆలస్యమైతే వాడటానికి అట్టేపెట్టండి.

ఆసుపత్రి నుంచి రైల్వే రాయితీ ధ్రువపత్రం తీసుకుంటే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. పాలకొల్లు, రాజమండ్రి లాంటి స్టేషన్లలో రిజర్వేషన్ కౌంటరు దగ్గర ఇవ్వండి. మీరు పాత పన్ను విధానంలో రిటర్న్ వేస్తుంటే, మీపై ఆధారపడిన తల్లి చికిత్సకు 40 వేల వరకు మినహాయింపు ఉంది. అందులోంచి బీమా ఇచ్చింది తీసేయాలి, నిపుణుడి ప్రిస్క్రిప్షన్ ఉండాలి.

వేడినీళ్ల సంచితో కాపడం పెట్టినా ఇదే ఫలితమని చుట్టుపక్కలవారు చెబితే వినకండి. ఆ వేడి లోపలికి చేరదు, రేడియేషన్ తగిలిన చర్మం మాత్రం కాలుతుంది.