ఫుల్ ట్యాంకు కొట్టిస్తే డీజిల్ ముల్లు ఖాళీ చూపిస్తోందా?

తప్పు ఒక్క మీటరుది కాదన్నా, దానికి జత కాని ఫ్లోటుది (ట్యాంకులో డీజిల్‌తో పాటు లేచి దిగే బుడ్డి ఉన్న సెన్సర్). చీమకుర్తి రాళ్లు తోలే మీ పాత లారీకి వేరే బండి మీటర్లు బిగిస్తే, ట్యాంకు నింపినప్పుడు ముల్లు ఖాళీకి, ఖాళీ అయ్యాక ఫుల్‌కి పోతోందని అడిగారు కదా. ఆ మీటరుకీ మీ ఫ్లోటుకీ లెక్క కలవదు.

కొన్ని ఫ్లోట్లు ఖాళీకి 10 ఓమ్‌ల (కరెంటుకు అడ్డు కొలత) రీడింగు, ఫుల్‌కి 180 ఇస్తాయి. ఇంకొన్ని తలకిందులు: ఖాళీకి 240, ఫుల్‌కి 33. అందరూ డ్యాష్‌బోర్డు విప్పి వైర్లు అటూ ఇటూ మారుస్తారు, ట్యాంకు జోలికి మాత్రం పోరు.

1. బ్యాటరీ టెర్మినల్ తీసేయండి.
2. ఫ్లోటు వైరు ఊడదీసి, ఫ్లోటును బయటికి తీయండి. మల్టీమీటరు ఒక కొన దాని టెర్మినల్‌కి, రెండోది ఫ్లోటు బాడీకి. బుడ్డిని చేత్తో కింది నుంచి పైకి నిదానంగా లేపండి. రెండు చివర్ల అంకెలూ రాసుకోండి. మధ్యలో రీడింగు ఎగిరిపడితే లోపలి తీగ అరిగినట్టే.
3. మీటరు తీసిన బండి ఫ్లోటే తెచ్చి వేయండి. కడ్డీ పొడవు మాత్రం మీ ట్యాంకు లోతుకు సరిపోవాలి.
4. ట్యాంకు నుంచి ఛాసిస్‌కి విడిగా ఎర్త్ వైరు లాగండి. ఆ రాతి దుమ్ముకి, తుప్పుకి పాత ఎర్త్‌ను నమ్మలేం.

మీటరు 12 వోల్టులది, బండి 24ది అయితే కన్వర్టర్ పెట్టండి. బండిలో ఉన్న రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే 12 లాగొద్దు. నేను లాగి ఒక బ్యాటరీ పోగొట్టుకున్నా.

టెంపరేచర్ మీటరుకీ ఇదే లెక్క, సెన్సర్ కూడా దాని జతదే కావాలి.