మ్యాక్‌లో సుడో పెట్టినా ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ ఎందుకు వస్తుంది?

మీ పైథాన్ స్క్రిప్ట్ డాక్యుమెంట్స్ ఫోల్డర్ చదవలేకపోతోంది, సుడో పెట్టినా (అంటే అడ్మిన్ అధికారంతో నడిపినా) అదే ఎర్రర్, సెట్టింగ్స్‌లో చూస్తే పైథాన్ పేరే లేదు. అంతే కదా?

ఇది మామూలు ఫైల్ పర్మిషన్ల గొడవ కాదు. ఫైల్ పర్మిషన్లు మార్చే చ్‌మోడ్ కమాండ్‌తో కుస్తీ పట్టకండి. 2019లో వచ్చిన కాటలీనా వెర్షన్ నుంచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లకు మ్యాక్‌ఓఎస్ వేరే కాపలా పెట్టింది. అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజరైనా దాన్ని దాటలేడు.

టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే యాప్‌లో) నడిపే ప్రోగ్రామ్‌కు మామూలుగా విడిగా అనుమతి ఉండదు. దాన్ని నడిపిన యాప్‌నే సిస్టమ్ బాధ్యురాలిగా చూస్తుంది. అందుకే అదే స్క్రిప్ట్ టెర్మినల్‌లో పనిచేసి, వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్ లోపలి టెర్మినల్‌లో మొరాయించవచ్చు. సిస్టమ్ అనుమతి అడిగినప్పుడు ఎప్పుడో తొందరలో ‘డోంట్ అలౌ’ నొక్కి ఉంటే మళ్లీ అడగదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో ఫైల్స్ అండ్ ఫోల్డర్స్ తెరిచి ఆ యాప్ కింద స్విచ్ ఆన్ చేయండి. మీ సమస్యకు ఇది చాలు.

చాలామంది చెప్పే ‘ఫుల్ డిస్క్ యాక్సెస్’ మెయిల్, సఫారీ డేటా లాంటివి చదవాలంటేనే కావాలి. టెర్మినల్‌కు అది ఇస్తే, నెట్ నుంచి కాపీ చేసి అందులో అతికించే ప్రతి కమాండ్‌కూ ఇచ్చినట్టే. నేనైతే ఐటర్మ్ అనే మరో టెర్మినల్ యాప్‌కు మాత్రమే ఇచ్చి బ్యాకప్‌లకు వాడతాను, రోజువారీ పని మామూలు టెర్మినల్‌లో.

పెట్టిన టైముకు స్క్రిప్ట్‌లను తనంతట తానే నడిపే క్రాన్ కథ వేరు. అక్కడ టెర్మినల్‌కిచ్చిన అనుమతి పనికిరాదు. ఫుల్ డిస్క్ యాక్సెస్ జాబితాలో ప్లస్ నొక్కి, కమాండ్, షిఫ్ట్, జీ కలిపి నొక్కి యూఎస్ఆర్‌లోని ఎస్‌బిన్ ఫోల్డర్‌కు వెళ్లి క్రాన్‌ను చేర్చాలి.